నలభై రెండు చరణాలు

ఎవరి చెయ్యి ముందు వదిలింది? పంతొమ్మిదేళ్ళుగా హానుస్ మనసులో ముల్లులా ఉండిపోయిన ప్రశ్న అది. గొర్రెలను కొండ మీంచి దింపుతున్నా, పడవకు తారు పూస్తున్నా, పాస్టరు రాని ఆదివారాల్లో చర్చిలో నిలబడి ప్రసంగం చదువుతున్నా, ఉన్నట్టుండి తన కుడి అరచేతిని తిప్పి చూసుకునేవాడు, అడిగితే అదే చెబుతుందేమో అన్నట్టు.

ఆ సంగతి జరిగింది ఒక జనవరి సాయంత్రం, క్రిస్మస్ పండుగలకు ముగింపు రోజున. ఉత్తర అట్లాంటిక్ నడుమనున్న ఫెరో దీవుల్లో ఆ రోజు నాట్యం లేని ఊరు ఉండదు. సావిట్లో దీపాలు వెలిగించి ఊరంతా చేతులు పట్టుకుని వలయంగా నిలబడతారు. వాయిద్యాలు ఉండవు. ఒకడు పాత వీరగాథ ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. తాళమంతా చెక్కనేల మీద పాదాలదే. ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి. చెయ్యి చాపినవాణ్ణి వలయం కాదనదు, ఎక్కడ కావాలంటే అక్కడ దూరవచ్చు. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే అటూ ఇటూ ఉన్న చేతులు వెంటనే కలుసుకుంటాయి, తెగిన వల కన్నును ముడేసినట్టు. పాట నడుస్తుండగా వలయం తెరిచి ఉంచడం ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా చేతకాదు.

ఆ సాయంత్రం హానుస్‌కి కుడిపక్కన భార్య బిరిటా, ఆమెకి కుడిపక్కన హానుస్ అక్క ఎల్స్పా. పాటకి ఎనభై ఏడు చరణాలు. నలభై అయిదో చరణంలో ఓడ రాతికి కొట్టుకుంటుంది. అక్కడ పాట ఎత్తినవాడు గొంతు తగ్గిస్తాడు, ఆడేవాళ్ళు కళ్ళు సగం మూస్తారు. హానుస్ కూడా మూశాడు. తెరిచేసరికి తన చేతిలో ఉన్నది అక్క చెయ్యి. బిరిటా లేదు. అడుగు ఆగలేదు. అతను ఆఖరి చరణం దాకా ఆడాడు.

ఇంటికొచ్చాక బిరిటా ఏమీ అనలేదు, అతనూ అడగలేదు. ఆ చలికాలమే సోరియాసిస్ ఆమె అరచేతుల్లోకి పాకింది. ఆమె తప్పుకున్నాక తన చెయ్యి అలవాటు కొద్దీ అక్క చేతిని వెతుక్కుందా, లేక ఆ గరుకూ తడీ తగిలి తనే ముందు విడిచిందా? ఎంత వెనక్కి వెళ్ళినా హానుస్ జ్ఞాపకం ఆ ఓడ దగ్గరే ఆగిపోయేది. బిరిటా మాత్రం మళ్ళీ వలయంలో అడుగుపెట్టలేదు.

ఆ జబ్బు ఆమెకి పదహారో ఏట మోచేతుల మీద మొదలైంది. తర్వాత తలలోకి, వీపు మీదికి, మోకాళ్ళకి వచ్చింది. ఎండ కాసే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి చలికి రెట్టింపయ్యేది. ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే కాబోలు ఎవరూ దాన్ని జబ్బు కింద జమకట్టలేదు. "చర్మమేగా" అనేవారు. మనిషి కాపురం ఉండేది ఆ చర్మంలోనే అని వాళ్ళకి తోచేది కాదు.

ఉన్నితో బతికే దేశంలో ఉన్ని పడని మనిషి బిరిటా. ఒకప్పుడు ఆమె అల్లిన స్వెటరంటే పక్క దీవుల నుంచి కబురొచ్చేది. బొటనవేళ్ళు పగుళ్ళిచ్చాక నూలు ఆ పగుళ్ళలో చిక్కుకోవడం మొదలైంది. ఒకసారి తెల్ల ఉన్నిలో ఎర్ర చుక్క పడింది. ఆ స్వెటరు విప్పేసి సూదులు పెట్టెలో పెట్టేసింది. చేపలు కోసే షెడ్డులో పని చేసేది. ఐసునీళ్ళలో చేతులు చీలిపోయి అదీ మానేసింది. నల్లబట్ట కట్టడం మానేసింది, భుజాల మీద పొట్టు మంచులా కనబడుతుందని. జుట్టు కత్తిరించే షాపుకి వెళ్ళడం మానేసింది. హానుస్ వంటింట్లో కుర్చీ వేసి కత్తిరిస్తే, "గొర్రెకి ఇంతకన్నా నున్నగా కత్తిరిస్తావు కదయ్యా!" అని నవ్వేది. ఆదివారం ప్రార్థనయ్యాక అందరూ కలిసి తాగే చర్చి కాఫీకి రొట్టెలు చేసుకెళ్ళడం మానేసి షాపు బిస్కట్లు పట్టుకెళ్ళేది. ఎవరి ఇంటికైనా వెళ్ళి లేచాక కూర్చున్న కుర్చీని వెనక్కి తిరిగి చూసుకునేది. మొదట్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "ఇది అంటుకోదు" అని చెప్పేది. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చెప్పాల్సిన చోట్లకి వెళ్ళడమే మానేసింది.

రాజధాని టోర్షవ్న్ ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు, ఎండకి బదులు చర్మానికి వెలుగు పట్టే దీపాల కింద నిలబడితే కొంత తగ్గేది. పడవలో పోయిరావడానికే రోజు గడిచిపోయేది. ఆపితే మళ్ళీ మొదటికొచ్చేది.

రోజూ రాత్రి భోజనమయ్యాక ఆమె వీపుకి హానుస్ మందు రాసేవాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో చేపల వేటకెళ్ళిన రోజులు తప్ప ఒక్కరోజు తప్పలేదు. అదే అతని బెంగ. ఇంట్లో ఇంత చనువుగా ముట్టుకునే చెయ్యి పదిమందిలో ఎందుకు విడిచింది? ప్రతి జనవరిలోనూ చర్చిలో ఒక రోగిని ప్రభువు బాగుచేసిన కథ చదవాల్సి వచ్చేది. ఎవరూ దగ్గరికి రానివ్వని రోగి. ఒక్క మాటంటే చాలు, జబ్బు పోయేది. అయినా ఆయన ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఎందుకు? చదువుకున్నవాళ్ళని అడగాలనుకుని, అడిగితే తన సంగతి బయటపడుతుందని ఊరుకున్నాడు. ఆ కథ చదివేటప్పుడు మూడో వరుసలో చేతులు చొక్కా చేతుల్లోకి లాక్కుని కూర్చున్న బిరిటా వైపు చూసేవాడు కాదు.

ఇప్పుడు కూతురు రన్వాకి పెళ్ళి. ఆగస్టు రెండో శనివారం.

వారం ముందు ఎల్స్పా పిండి డబ్బా చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఊళ్ళో అందరికన్నా బలమైన మనిషి, అందరికన్నా పెద్ద నోరు.

"ఏమే బిరిటా, పెళ్ళికూతురి తల్లివి నువ్వా, కాఫీ కెటిలా? ఎప్పుడు చూసినా పొయ్యి దగ్గరే తగలడతావు."

"పెళ్ళిరోజు కూడా కాఫీ ఎవరో ఒకరు చూడాలిగా, వదినా."

"ముగ్గుర్ని పెట్టాం. ముగ్గురికీ నోరు చిక్కన, కాఫీ పలచన. అయినా ఎవడూ చావడులే."

రన్వా బల్ల దగ్గర అతిథుల పేర్లు రాసుకుంటోంది. తలెత్తకుండానే అంది. "మొదటి వలయంలో నా ఎడమపక్కన అమ్మ. అది రాసిపెట్టుంది."

"ఎక్కడ రాసిపెట్టుందే?"

"నా నెత్తిన."

"మీ అత్త నిలబడుతుందిలే" అంది బిరిటా, గిన్నె తోముతూ. "నేను తలుపు దగ్గర నిలబడి చూస్తాను. అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది."

"చూడ్డానికైతే ఊరుంది. నాకు నీ చెయ్యి కావాలమ్మా."

బిరిటా గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. వాటి వంక చూసుకుంది. వేళ్ళ కణుపుల దగ్గర ఎర్రగా, అరచేతి మధ్య తెల్లగా పొలుసులు కట్టి ఉన్నాయి. పెళ్ళి దగ్గరపడేకొద్దీ ఎక్కువవుతున్నాయి. మనసు కంగారుపడితే ముందు చర్మానికే తెలుస్తుంది. సొరుగు లాగి తెల్లని నూలు చేతొడుగులు తీసింది. రాత్రిళ్ళు మందు రాసుకుని వేసుకునేలాంటివే, ఇవి కొత్తవి.

"ఇవి వేసుకుని వస్తాను, సరేనా?"

"చేతొడుగులతో వలయంలోకా?" ఎల్స్పా పకపకా నవ్వింది. "ఏం, గొర్రెకి పురుడు పొయ్యబోతున్నావా?"

ఎవరూ నవ్వలేదు. బిరిటా చేతొడుగులు మళ్ళీ మడతపెట్టింది. ఎల్స్పా మొహం కందగడ్డయింది. "నా నోరు పడిపోనూ" అని పిండి డబ్బా మూత తీసి, వేసి, మళ్ళీ తీసింది.

"అమ్మ వేసుకుంటే నేనూ వేసుకుంటా" అంది రన్వా. "పాస్టరు ఉంగరం వాటి మీదే తొడిగిస్తాడు."

"వెటకారం చాలు. నీ పెళ్ళి ఫొటోల్లో నెత్తురు మరక ఎందుకే? ఆ తెల్ల జాకెట్టు చేతికి అంటితే?"

"అంటనీ." రన్వా కలం కింద పెట్టింది. "అమ్మా, చిన్నప్పుడు నన్ను వలయంలోకి నాన్న తీసుకెళ్ళేవాడు. అందరి అమ్మలూ లోపల, మా అమ్మ బయట. నాకేదో తప్పుందని అనుకునేదాన్ని. ఇప్పుడు చెబుతున్నా విను. నువ్వు రాకపోతే నా ఎడమ చెయ్యి ఎవరికీ ఇవ్వను. అత్తకీ ఇవ్వను. వలయం తెరిచే ఉంటుంది."

"పెళ్ళిలోనా! తెరిచిన వలయమా!" ఎల్స్పా గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, నీ కూతురి మాటలు వింటున్నావా?"

గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న హానుస్ అన్నీ విన్నాడు. రెండో బూటు విప్పడానికి వంగాడు.

ఆ రాత్రి భోజనమయ్యాక బిరిటా మంచం అంచున వీపు తిప్పి కూర్చుంది. కిటికీలో ఇంకా వెలుతురుంది. అవతల సముద్రం బూడిదరంగులో నిశ్చలంగా ఉంది. హానుస్ మందు వేళ్ళ మీదికి తీసుకుని భుజాల దగ్గర మొదలుపెట్టాడు. నడుం దాకా వచ్చాక ఆగిపోయాడు.

"ఏమైందయ్యా? మందు అయిపోయిందా?"

"ఒకటి అడగాలి."

"అడుగు. వీపు నీదేగా."

"ఆ జనవరి నాట్యంలో... ఓడ చరణం దగ్గర. నీ చెయ్యి నేను విడిచేశానా?"

ఆమె చొక్కా భుజాల మీదికి లాక్కుని ఇటు తిరిగింది.

"పంతొమ్మిదేళ్ళు పట్టిందా అడగడానికి?"

"నోరు రాలేదు."

"నువ్వు విడవలేదు. నేనే విడిచాను. రెండు చేతులూ." ఆమె అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది. "కుడి అరచెయ్యి చీలింది. వదిన తెల్ల చొక్కా చేతి మీద నెత్తురు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని పాడుతోంది, చూడలేదు. చూసేలోగా బయటపడాలనిపించింది. అంతే."

హానుస్‌కి గుండె మీంచి ఏదో దిగినట్టయింది. కానీ ఆమె మాట ఇంకా పూర్తికాలేదు.

"కోట్లు తగిలించే గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. తలుపు అద్దంలోంచి మీరు కనిపించారు. నువ్వు వదిన చెయ్యి పట్టేసుకున్నావు. దానికి నాకు కోపం రాలేదయ్యా. ఖాళీ కనబడితే కలిపేస్తాం. నేనైనా అదే చేసేదాన్ని. వస్తావని చూశాను."

"బిరిటా..."

"నలభై ఆరో చరణం. ఇది అయ్యాక వస్తాడు అనుకున్నాను. నలభై ఏడు. చేతికి రుమాలు చుట్టుకున్నాను. యాభై దాటింది. పొరుగావిడ కోటు జేబులోంచి చేపల వాసనొస్తోంది, అదింకా గుర్తుంది నాకు. నలభై రెండు చరణాలు లెక్కపెట్టాను. నువ్వు బాగా పాడుతున్నావు. నీ గొంతు విడిగా వినిపించింది." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. "నలభై రెండులో ఒక్కటి మానలేకపోయావా?"

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆమె ఎక్కడికెళ్ళిందో తెలుసుకోవడానికి అతను భయపడ్డాడు. వెనక్కి వెళితే చూడాల్సి వస్తుందని వలయంలోనే ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ చేతిని అనుమానించాడు, పాపం చేతిది ఏమీ లేదు. తప్పు కాళ్ళది.

"మిగతా మందు రాయి" అంది ఆమె. "ఆరిపోతోంది."

శనివారం సముద్రం మీంచి పొగమంచు వచ్చి మధ్యాహ్నానికి విడిపోయింది. చర్చిలో అంతా సవ్యంగా జరిగింది. బిరిటా పండుగ దుస్తులు వేసుకుంది, లోపల పలచటి నూలుబట్ట వేసుకుని పైన ఉన్ని. మెడ దగ్గర కొత్త మచ్చ లేచింది. దాని మీదికి శాలువా జరిపి వెండిపిన్ను గుచ్చింది. గుచ్చేటప్పుడు హానుస్ సాయం చేశాడు.

భోజనాలయ్యాయి. బల్లలు గోడలకి జరిపారు. పెళ్ళికొడుకు రన్వా కుడి చెయ్యి పట్టుకున్నాడు, అతని చెయ్యి ఇంకొకరు, అలా గొలుసు సావిడి చుట్టూ తిరిగి వచ్చింది. చివర ఎల్స్పా, ఆమె కుడిపక్కన హానుస్. హానుస్ కుడి చెయ్యి ఖాళీ. రన్వా ఎడమ చెయ్యి ఖాళీ. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు.

బిరిటా కాఫీ బల్ల దగ్గర లేదు. తలుపు దగ్గరా లేదు.

"మూసేయరా" అంది ఎల్స్పా పళ్ళ సందున. "జనం చూస్తున్నారు."

రన్వా చెయ్యి ఇవ్వలేదు. వేళ్ళు విప్పి, అరచెయ్యి పైకి పెట్టి అలాగే చాపి ఉంచింది. పాట మొదలైంది, అదే పాట. ఈ ఊళ్ళో పెళ్ళికి ఇంకో పాట ఎవరికి తోస్తుంది? వలయం తెరిచి ఉండగానే కదిలింది, ఎడమకి రెండు, కుడికి ఒకటి. ముసలివాళ్ళు గుసగుసలాడారు. పది చరణాలు, ఇరవై, ముప్ఫై. పెళ్ళికూతురి తండ్రి వలయం విడిచి వెళ్ళడం మర్యాద కాదని హానుస్ తనకి తాను చెప్పుకుంటున్నాడు. ఇది అయ్యాక వెళ్దాం, ఈ చరణం అయ్యాక. నలభై అయిదు దగ్గర ఓడ రాతికి కొట్టుకుంది. గొంతులన్నీ తగ్గాయి. ఆ నిశ్శబ్దంలో అతనికి అర్థమైంది, పంతొమ్మిదేళ్ళ కింద కూడా సరిగ్గా ఇలాగే చెప్పుకున్నాడని.

ఎడమ చెయ్యి విడిచేశాడు.

"ఒరేయ్! ఎక్కడికిరా?"

"బాకీ ఉందక్కా."

ఎల్స్పా చెయ్యి అలవాటు కొద్దీ రన్వా వైపు చాచుకుపోయింది. రన్వా ఇవ్వలేదు. "ఉండనీ అత్తా, ఇద్దరి చోటు ఉండనీ" అంది. ఎల్స్పా చెయ్యి గాల్లో ఆగిపోయింది. తర్వాత ఆమె కూడా, జీవితంలో మొదటిసారి, ఖాళీ చేత్తో ఆడడం మొదలుపెట్టింది. పాట మాత్రం రెట్టింపు గొంతుతో అందుకుంది, ఎవరైనా ఏమైనా అంటే వినబడకుండా.

కోట్ల గది ఇరుగ్గా ఉంది. తడిసిన ఉన్ని వాసన. బిరిటా తలుపు అద్దం దగ్గర నిలబడి ఉంది. చేతులకి తెల్ల చేతొడుగులు. కళ్ళు తుడుచుకున్నట్టుంది, ఒక చేతొడుగు కొస తడిగా ఉంది.

"పిల్ల మొండిది" అంది. "నీ పోలికే."

"నా పోలికైతే ఎప్పుడో మూసేసేది."

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "నువ్వెందుకొచ్చావు? కూతురి పెళ్ళి. జనం ఏమనుకుంటారు?"

"నలభై ఆరోది మొదలైంది" అన్నాడు హానుస్. చెయ్యి చాపాడు.

ఆమె ఆ చేతి వంక చూసింది. గొర్రెలతో, తాళ్ళతో మొరటెక్కిన చెయ్యి, దానికీ పగుళ్ళు లేకపోలేదు. మెల్లగా ఎడమ చేతొడుగు లాగింది. మందు రాసిన చోట కొంత పొట్టు దాంతోపాటే ఊడి రాలింది. అలవాటుగా తుడవబోయింది.

"వదిలెయ్" అన్నాడు. "నేను ఊడుస్తాలే."

పట్టుకున్నాడు. అరచెయ్యి వెచ్చగా, గరుగ్గా, ఒకచోట తడిగా ఉంది. ఆ తడి ఏమిటో అతనికి తెలుసు. గట్టిగా నొక్కకుండా, జారకుండా ఎలా పట్టుకోవాలో కూడా తెలుసు, ఇరవై ఏడేళ్ళు మందు రాసిన చెయ్యి అది. ఎడమకి రెండు, కుడికి ఒకటి. నాలుగడుగులకే గోడ వచ్చేది, మళ్ళీ మొదటినుంచి. కోట్ల చేతులు మొహాలకి తగిలేవి. ఇద్దరూ గొంతు తగ్గించి పాడారు. ప్రతి చరణం చివరా బిరిటా ఒక అంకె పలికేది. మొదట నవ్వులాటకి అనుకున్నాడు. ఆమె నవ్వడం లేదు. పదిహేను. పదహారు. ఇరవై దగ్గర ఆమె ఆగిపోయింది. అతను ఆ అంకె తనే పలికి ముందుకి నడిపాడు. ఎవరో అబ్బాయి కోటు కోసం తలుపు తోసి, చూసి, తలుపు మూసేశాడు. వాళ్ళు ఆగలేదు.

ప్రభువు ముందు ఎందుకు ముట్టుకున్నాడో ఆ ఇరుకుగదిలో హానుస్‌కి కొంచెం తెలిసినట్టనిపించింది. పూర్తిగా కాదు. జనవరిలో మళ్ళీ చదివేటప్పుడు తలెత్తి మూడో వరుస వైపు చూడాలి అనుకున్నాడు.

"నలభై ఒకటి" అంది బిరిటా. ఆఖరి చరణం లోపల హోరెత్తింది. పాట అయిపోయింది, కానీ పాదాలు ఆగలేదు. కొత్త పాట ఎవరెత్తుకుంటారా అని వలయం ఊగుతూ ఉంది. అద్దంలోంచి రన్వా కనిపిస్తోంది. చెమట పట్టిన మొహం, చాచిన ఎడమ చెయ్యి. చెయ్యి బాగా నొప్పెడుతున్నట్టుంది, మోచేతిని నడుముకి ఆనించుకుంది. దించలేదు మాత్రం.

"నలభై రెండు."

బిరిటా రెండో చేతొడుగు కూడా పళ్ళతో పట్టి లాగేసింది. రెండూ కలిపి పక్కనే వేలాడుతున్న ఎల్స్పా కోటు జేబులో కుక్కింది.

"గొర్రెలకి పనికొస్తాయి, ఉంచుకోమను" అంది. తర్వాత అతని వైపు తిరిగింది. "తీరిందయ్యా నీ బాకీ. పైసా తక్కువ లేదు."

అతని చెయ్యి విడవకుండానే భుజంతో తలుపు నెట్టింది.